హెడ్‌ఫోన్ల కింద నాలుగేళ్లు

ప్రచ్ఛన్న యుద్ధం సాగిన నాలుగు దశాబ్దాల్లో అమెరికా, బ్రిటన్ సైన్యాలు వేలాది కుర్రాళ్లను ఒకే పని మీద కూర్చోబెట్టాయి. అవతలి సైన్యం రేడియోలో ఏం పంపుకుంటోందో వినాలి, విన్నది విన్నట్టు కాగితం మీద పెట్టాలి. షిఫ్టు మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చోవడమే ఉద్యోగం. వాళ్లలో ఎక్కువమంది పద్దెనిమిదికీ ఇరవై మూడుకీ మధ్య వయసువాళ్లు. విన్నదాని గురించి అమ్మకు చెప్పకూడదు, ప్రేమించిన అమ్మాయికి రాయకూడదు, స్నేహితుడి దగ్గర నోరు జారకూడదు. చాలామంది ఆ మాట మీద ముప్ఫై, నలభై ఏళ్లు నిలబడ్డారు.

ప్రచ్ఛన్న యుద్ధం మీద వచ్చిన పుస్తకాల్లో క్షిపణులుంటాయి, గూఢచారులుంటారు, కెన్నెడీ, కృశ్చేవ్ ఉంటారు. రేడియో యూనిట్లలో పనిచేసిన సిపాయిల పేర్లు మాత్రం అరుదు. నాయకుల బల్ల మీదికి చేరిన నివేదికలకు ముడిసరుకు వీళ్లు రాత్రిళ్లు మేలుకుని కొట్టిన టైపు కాగితాలే. వీళ్ల రోజువారీ బతుకు తెలియకుండా ఆ యుద్ధం కథ పూర్తి కాదు.

వేలమందితో వినికిడి

పరాయి సైన్యం రేడియోను వినడం పాత విద్యే. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఎనిగ్మా సంకేతాలను బ్రిటన్‌లోని బ్లెచ్లీ పార్క్ విప్పిందని లోకానికి తెలుసు. ఆ సంకేతాలను గాలిలోంచి పట్టి బ్లెచ్లీకి పంపింది వేరేవాళ్లు. లెస్టర్‌షైర్‌లోని బోమనార్ భవనంలో మహిళా సైనిక విభాగానికి చెందిన వందలాది అమ్మాయిలు రాత్రింబవళ్లు మోర్స్ (చుక్కలు, గీతలతో నడిచే సంకేతాలు) రాసేవారు. బ్లెచ్లీ రహస్యం 1974లో బయటపడేదాకా వాళ్లు తమ భర్తలకు కూడా ఆ మాట చెప్పలేదు. భారత్‌లోనూ అదే పని జరిగింది. ఢిల్లీలోని ఆనంద్ పర్బత్ మీద వైర్‌లెస్ ఎక్స్‌పెరిమెంటల్ సెంటర్ ఉండేది. బెంగళూరు, బరాక్‌పూర్‌లలోని ఉపకేంద్రాలతో కలిసి అది బర్మా రంగంలో జపాన్ సైన్యం రేడియో మీద చెవి వేసి ఉంచింది.

యుద్ధం ముగిశాక ఈ పనికి శాశ్వత నిర్మాణం ఏర్పడింది. అమెరికా సైన్యంలో 1945 సెప్టెంబరు 15న ఆర్మీ సెక్యూరిటీ ఏజెన్సీ పుట్టింది. వర్జీనియాలో ఒకప్పుడు ఆడపిల్లల కాలేజీగా ఉన్న ఆర్లింగ్టన్ హాల్ దాని ప్రధాన కార్యాలయం. 1948లో వైమానిక దళం తన సొంత సెక్యూరిటీ సర్వీసును పెట్టుకుంది. నౌకాదళానికి వేరే విభాగం ఉండనే ఉంది. 1952లో ఏర్పడిన నేషనల్ సెక్యూరిటీ ఏజెన్సీ వీటన్నిటినీ ఒక తాటి మీదికి తెచ్చింది. ఊళ్లో ఎవరైనా అడిగితే వినే పని అని చెప్పకూడదు. అందుకే యూనిట్ల బోర్డుల మీద ‘రేడియో రీసెర్చ్’, ‘కమ్యూనికేషన్స్’ వంటి పేర్లు ఉండేవి.

చేరడానికి కారణం

అమెరికాలో 1973 దాకా నిర్బంధ సైనిక సేవ ఉండేది. పిలుపు వస్తే రెండేళ్లు సైన్యంలో ఉండాలి, ఏ పని అప్పగిస్తే అది చెయ్యాలి. కొరియా, ఆ తరువాత వియత్నాం యుద్ధాలు నడుస్తున్న రోజుల్లో రెండేళ్లంటే చాలామందికి పదాతిదళమే. పిలుపు కోసం కాచుకోకుండా తానే వెళ్లి నాలుగేళ్లకు సంతకం పెడితే సెక్యూరిటీ ఏజెన్సీలో చేరే దారి దొరికేది. రెండేళ్లు ఎక్కువ ఇచ్చి తుపాకీ గుంట నుంచి తప్పించుకోవచ్చన్న లెక్కతో కొందరు వచ్చారు. చదువుకు డబ్బు చాలక కొందరు, ఊరు విడిచి లోకం చూడాలని కొందరు వచ్చారు. కాలేజీలో ఒకటి రెండేళ్లు చదివి మానేసినవాళ్లు వీళ్లలో చాలామంది. పరీక్షల్లో మంచి మార్కులు వచ్చినవాళ్లనే ఏజెన్సీ తీసుకునేది కాబట్టి బ్యారక్‌లో పుస్తకాలు చదివేవాళ్లకు కొరత ఉండేది కాదు.

తొలి వడపోత ఒక చిన్న పరీక్ష. గదిలో కూర్చోబెట్టి మోర్స్‌లో మూడే అక్షరాలు నేర్పేవారు. ఐ అంటే రెండు చుక్కలు, ఎన్ అంటే గీత, చుక్క, టి అంటే ఒక్క గీత. తరువాత ఆ మూడింటినే కలగాపులగంగా వినిపించేవారు. మొదట మెల్లగా వచ్చేవి. క్రమంగా వేగం పెరిగి, చివరికి అక్షరానికీ అక్షరానికీ మధ్య ఊపిరి తీసుకునే సందు కూడా ఉండేది కాదు. అక్కడ తడబడనివాడు మోర్స్ బడికి పనికొస్తాడని తేల్చేవారు. భాషల్లో నేర్పున్నవాళ్లకు వేరే పరీక్ష పెట్టి, నెగ్గినవాళ్లను రష్యన్, చైనీస్, కొరియన్, వియత్నామీస్ నేర్చుకోవడానికి కాలిఫోర్నియాలోని మాంటెరే భాషా పాఠశాలకు పంపేవారు.

ఆ తరువాత ఆరా మొదలయ్యేది. అత్యంత రహస్య సమాచారం ముట్టుకునే అనుమతి రావాలంటే కుర్రాడి పుట్టుపూర్వోత్తరాలన్నీ తెలియాలి. సొంత ఊళ్లో ఇరుగుపొరుగువారి తలుపు తట్టి, బడి పంతుళ్లను, పాత యజమానులను కలిసి అధికారులు వివరాలు రాసుకునేవారు. ఎవరో వచ్చి మీవాడి గురించి అడిగారని ఇంటి నుంచి ఉత్తరం వస్తే, అధికారులు ఊరిదాకా వెళ్లారని కుర్రాడికి తెలిసేది. అనుమతి చేతికొచ్చేదాకా వంటశాలలో బంగాళాదుంపలు చెక్కడం, గిన్నెలు తోమడం, గడ్డి కోయడం తప్పేవి కావు.

లయ చెవికి పట్టేదాకా

ఏజెన్సీ బడి 1951లో మసాచుసెట్స్‌లోని ఫోర్ట్ డెవెన్స్‌కు మారింది. తరువాతి పాతికేళ్లలో అమెరికా సైన్యానికి మోర్స్ వినేవాళ్లు ఎక్కువగా తయారైంది ఇక్కడే. ఉదయం నుంచి సాయంత్రం దాకా వరుసల్లో కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, వినపడ్డ అక్షరాన్ని టైపురైటర్ మీద కొట్టడమే పాఠం. ఆ టైపురైటర్ మీద పెద్దక్షరాలు మాత్రమే ఉండేవి. ఒక వేగంలో తప్పుల్లేకుండా రాస్తేనే తరువాతి వేగానికి పంపేవారు. ఒక మెట్టు దగ్గర ఇరుక్కుని వారాలపాటు కదలనివాళ్లుండేవారు. వాళ్లలో కొందరికి ఒక ఉదయం ఉన్నట్టుండి దారి తెరుచుకునేది. ఇంకొందరు ఎప్పటికీ దాటలేక వేరే పనికి మారిపోయేవారు.

చుక్కలూ గీతలూ లెక్కపెట్టేవాడు ఈ చదువులో నెగ్గలేడు. నిమిషానికి ఇరవై మాటల వేగంలో లెక్కపెట్టే వ్యవధి ఉండదు. ప్రతి అక్షరాన్నీ ఒక చిన్న లయగా చెవి పట్టుకోవాలి, మెదడును దాటుకుని వేలు కదలాలి. ఆ దశకు చేరిన కుర్రాడు ఒక అక్షరం టైపు చేస్తూండగానే తరువాతి రెండు మూడు అక్షరాలను చెవిలో నిలుపుకోగలిగేవాడు. చదువు వదిలినా లయ వదిలేది కాదు. బస్సులో వెళ్తూ దుకాణాల పేర్లను మనసులో మోర్స్‌లోకి మార్చుకోవడం, భోజనం బల్ల మీద చెంచాతో తాళం వేయడం, నిద్రలో చప్పుళ్లు వినడం వీళ్ల జ్ఞాపకాల్లో తరచుగా వచ్చే సంగతులు. ఒకనాటి మన తంతి కార్యాలయాల్లో మీట ముందు కూర్చున్న ఉద్యోగులకూ ఇదే అలవాటు పట్టేది.

బడిలో వినిపించేది శుభ్రమైన మోర్స్. గాలిలో దొరికేది అలా ఉండదు. ఉరుముల చిటపటలు, పక్క స్టేషన్ల గోల, లోతుకు పోయి మళ్లీ తేలే సంకేతం, కావాలని అడ్డుపెట్టే రొద అన్నీ కలిసి వస్తాయి. వాటిలోంచి తనకు కావలసిన సన్నని స్వరాన్ని వేరుచేసుకోవడం ఉద్యోగంలో చేరాకే వచ్చేది. పాతవాడి పక్కన కూర్చుని, అతను ఏం వదిలేస్తున్నాడో, ఏం పట్టుకుంటున్నాడో గమనిస్తూ కొత్తవాడు పని నేర్చుకునేవాడు.

అర్ధరాత్రి షిఫ్టు

స్టేషన్‌లో పని ఇరవై నాలుగు గంటలూ సాగేది. సిపాయిలను మూడు నాలుగు జట్లుగా విడదీసి పగలు, సాయంత్రం, అర్ధరాత్రి షిఫ్టులు వంతులవారీగా వేసేవారు. జట్టును ‘ట్రిక్’ అనేవారు. కొన్ని రోజులకొకసారి షిఫ్టు మారడంతో శరీరానికి పగలేదో రాత్రేదో తెలిసేది కాదు. ఉదయం ఏడింటికి పని దిగినవాడికి అది సాయంత్రంతో సమానం. అప్పుడు బీరు తాగుతూ కబుర్లు చెప్పుకుని, బయట ఎండ కాస్తుండగా కిటికీలకు దుప్పట్లు కట్టి పడుకునేవారు. పండుగలు, పుట్టినరోజులు ఏ షిఫ్టులో పడితే ఆ షిఫ్టులోనే గడిచిపోయేవి.

పనిచేసే గదికి కిటికీలు ఉండవు. ముళ్ల కంచె, కాపలా, గుర్తింపు బిల్ల దాటితేనే లోపలికి ప్రవేశం. లోపల వరుసల్లో బల్లలు. ప్రతి బల్ల ముందు రెండు రేడియో రిసీవర్లు. 1950ల నుంచి ఎక్కువగా వాడినది కాలిన్స్ కంపెనీ రూపొందించిన ఆర్-390. దాదాపు 38 కిలోల బరువున్న లోహపు పెట్టె అది. వాల్వుల వేడికి చలికాలంలోనూ గది వెచ్చగా ఉండేది. డయల్ మీద ముల్లు కాకుండా అంకెలే తిరిగి ఫ్రీక్వెన్సీ చూపేవి. ఒక రిసీవర్ శబ్దం ఎడమ చెవికి, మరొకటి కుడి చెవికి వచ్చేలా హెడ్‌ఫోన్లు కలుపుకునేవారు. ఒక చెవిలో అవతలి సైన్యం ప్రధాన కేంద్రం, రెండో చెవిలో దానికి జవాబిచ్చే దూరపు స్థావరం. రెండు చెవుల సంభాషణనూ ఒకే కాగితం మీద, ఎవరి మాట ఎవరిదో తెలిసేలా, క్షణం ఆలస్యం లేకుండా దించాలి. పొరల మధ్య కార్బన్ పెట్టిన మడతల కాగితం టైపురైటర్ వెనక నుంచి పాకుతూ పోయేది.

వచ్చేదంతా సంకేత భాష. అయిదేసి అక్షరాలు, అంకెల గుంపులు పేజీల కొద్దీ సాగేవి. రాసేవాడికి వాటి అర్థం తెలియదు. అయినా అర్థం తెలియని ఆ కాగితాల నుంచే ఎన్నో సంగతులు బయటపడేవి. ఏ స్టేషన్ ఏ వేళకు లేస్తోంది, ఎవరెవరితో మాట్లాడుతోంది, ఉన్నట్టుండి మాటలు ఎందుకు పెరిగాయి, నిన్నటిదాకా వినిపించిన స్థావరం ఈ రోజు ఎందుకు మూగబోయింది అన్నవి చూసి విశ్లేషకులు సైన్యం కదలికలు పసిగట్టేవారు. అవతలివాళ్లు దొరక్కుండా తరచు పేర్లు మార్చుకునేవారు. మోర్స్ మధ్యలో ‘క్యూఎస్‌వై’ అని మెరిసిందంటే ఫ్రీక్వెన్సీ మారుతున్నారని అర్థం. ఆ మాట వినగానే సిపాయి చెయ్యి డయల్ మీదికి వెళ్లేది. వాళ్లు ఎక్కడ తేలతారో వెతికి పట్టుకునేదాకా అతనికి స్థిమితం ఉండేది కాదు.

పేరు మార్చుకున్నా, చోటు మార్చుకున్నా మీట మీద చెయ్యి మారదు. రాతలో దస్తూరి ఉన్నట్టే మోర్స్ కొట్టడంలోనూ మనిషికొక తీరు ఉంటుంది. ఒకడు గీతను కాస్త సాగదీస్తాడు, ఒకడు ఫలానా అక్షరం దగ్గర తొందరపడతాడు. నెలల తరబడి ఒకే మనిషిని వింటూ కూర్చున్న కుర్రాడు రెండు పంక్తులు వినగానే ఫలానావాడని గుర్తుపట్టేవాడు. అవతలివాడి పేరు తెలియదు, ముఖం తెలియదు. అతని వయసూ దాదాపు తన వయసే అయి ఉంటుంది, అతనూ నిద్ర ఆపుకుంటూ రాత్రి షిఫ్టు చేస్తున్నాడు. ఒక రాత్రి అతని స్థానంలో వేరే చెయ్యి వినపడితే సెలవు పెట్టాడా, బదిలీ అయ్యాడా, జబ్బు చేసిందా అన్న ఆలోచన కలిగేదని చాలామంది గుర్తుచేసుకున్నారు. శత్రువని చెప్పి అప్పగించిన మనిషి మీద వాళ్లకు అలా ఒక రకమైన పరిచయం పుట్టింది.

లోకం అంచుల్లో

స్టేషన్లు ఎక్కువగా సోవియట్ యూనియన్, చైనా చుట్టూ ఉండేవి. టర్కీలో నల్ల సముద్రం ఒడ్డున ఉన్న సినోప్ వాటిలో ఒకటి. గ్రీకు తత్వవేత్త డయోజెనీస్ పుట్టిన ఊరు కావడంతో అక్కడి స్థావరానికి ఆయన పేరే పెట్టారు. సముద్రానికి అవతలి ఒడ్డు సోవియట్ భూభాగం. కుటుంబాలకు అనుమతి లేదు, ఏడాది గడిస్తే బదిలీ. అలాస్కాకు చెందిన అల్యూషన్ దీవుల్లోని షెమ్యాలో చెట్టనేది లేదు, ఎప్పుడూ గాలి, మంచు, పొగమంచు. ఎరిట్రియాలోని అస్మారాలో కాగ్న్యూ స్టేషన్ సముద్ర మట్టానికి రెండు వేల మీటర్లకు పైన ఉండేది. ఇటలీ నౌకాదళం వదిలివెళ్లిన రేడియో కేంద్రంలో 1943లో మొదలైన ఆ స్థావరం 1977 దాకా నడిచింది. చల్లని గాలి, ఇటలీ వాళ్లు కట్టిన వీధులు, కాఫీ దుకాణాలు ఉండడంతో అక్కడ పనిచేసినవాళ్లు ఆ ఊరిని ఇష్టంగా తలుచుకుంటారు.

భారత ఉపఖండంలోనూ అలాంటి స్థావరం ఉండేది. పెషావర్ దగ్గర బడాబేర్‌లో 1959 నుంచి అమెరికా వైమానిక దళం సోవియట్ మధ్యాసియా రేడియోను వినేది. 1960 మే 1న సోవియట్లు కూల్చిన యూ-2 గూఢచారి విమానం పెషావర్ నుంచే లేచింది. దాంతో సోవియట్ నేత కృశ్చేవ్ పాకిస్తాన్‌ను గట్టిగా హెచ్చరించాడు. పదేళ్ల ఒప్పందం ముగిశాక పాకిస్తాన్ దాన్ని పొడిగించలేదు. 1970 నాటికి స్థావరం ఖాళీ అయింది.

బెర్లిన్‌లోని టాయిఫెల్స్‌బెర్గ్ వీటిలో చాలా పేరున్నది. యుద్ధంలో నేలమట్టమైన ఇళ్ల శిథిలాలను తెచ్చి పోస్తే తయారైన కొండ అది. దాని కింద నాజీలు కట్టడం మొదలుపెట్టిన సైనిక విద్యాలయం పూడిపోయింది. తూర్పు జర్మనీ మధ్యలో ద్వీపంలా ఉన్న పశ్చిమ బెర్లిన్‌లో ఇంత ఎత్తైన చోటు దొరకడంతో అమెరికన్లు, బ్రిటిష్‌వాళ్లు దాని మీద తెల్లని గోళాకారపు గుడారాలతో స్టేషన్ కట్టుకున్నారు. ఏటా జరిగే జర్మన్-అమెరికన్ సంబరాలకు జెయింట్ వీల్ నిలబెట్టిన రోజుల్లో సంకేతాలు మరింత బాగా వినిపించేవని, అందుకే సంబరాలయ్యాక కూడా దాన్ని కొన్నాళ్లు ఉంచేలా చూశారని అక్కడ పనిచేసినవాళ్లు చెప్పుకుంటారు.

1960ల్లో భారీ యాంటెన్నాలు వచ్చాయి. ఎఫ్‌ఎల్‌ఆర్-9 అనే ఈ నిర్మాణం పావు మైలుకు పైగా వ్యాసంతో వలయాలుగా నిలిచిన స్తంభాలు, తీగల కోట. ఎత్తు దాదాపు 120 అడుగులు. సిపాయిలు దానికి ‘ఏనుగుల పంజరం’ అని పేరు పెట్టారు. ఏ దిక్కు నుంచి సంకేతం వస్తోందో ఇది చెప్పేది. రెండు మూడు స్టేషన్లు చెప్పిన దిక్కులను పటం మీద గీతలుగా గీస్తే అవి కలిసే చోట పంపేవాడు ఉన్నట్టు. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్, ఇంగ్లండ్‌లోని చిక్‌శాండ్స్, జపాన్‌లోని మిసావా సహా ఎనిమిది చోట్ల వీటిని కట్టారు. అలాస్కాలోనిది 2016 దాకా పనిచేసింది.

బ్యారక్‌లో ఒక గిటారు

రేడియో యూనిట్ సిపాయిలందరిలోకీ లోకానికి బాగా తెలిసినవాడు గాయకుడు జానీ క్యాష్. అర్కాన్సాస్‌లో పత్తి పొలాల మధ్య పెరిగిన అతను 1950 జులైలో, కొరియా యుద్ధం మొదలైన రెండు వారాలకు, వైమానిక దళంలో చేరాడు. మోర్స్ నేర్చుకుని జర్మనీలోని లాండ్స్‌బెర్గ్‌కు వెళ్లాడు. సోవియట్ రేడియోను వినే దళంలో అతనికి మంచి పేరుండేది. 1953 మార్చిలో స్టాలిన్ మరణవార్తను పట్టుకున్న తొలి అమెరికన్ తానేనని తరువాతి కాలంలో చెప్పాడు.

షిఫ్టుకూ షిఫ్టుకూ మధ్య గంటలను ఎలా గడపాలన్నది ఏ బ్యారక్‌లోనైనా ప్రశ్నే. క్యాష్ జర్మనీలో ఒక చౌక గిటారు కొనుక్కుని, తోటి సిపాయిలతో ‘లాండ్స్‌బెర్గ్ బార్బేరియన్స్’ అని జట్టు కట్టాడు. అక్కడ జైలు నేపథ్యంలో ఒక సినిమా చూసిన ప్రభావంతో ‘ఫోల్సమ్ ప్రిజన్ బ్లూస్’ పాటకు పునాది పడింది. శాన్ ఆంటోనియోలో పరిచయమైన వివియన్ లిబెర్టోకు మూడేళ్లపాటు ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. 1954లో సైన్యం వదిలిన కొన్ని వారాలకే పెళ్లి చేసుకున్నారు. ఆ ఉత్తరాల్లో ఒంటరితనం గురించి, బెంగ గురించి రాయవచ్చు, రోజంతా చేసిన పని గురించి మాత్రం రాయకూడదు.

మిగతా సిపాయిల బతుకూ అలాంటిదే. మంచం, ఇనప బీరువా, పక్కవాడి గురక. పేకాట, రికార్డు ప్లేయరు, అర్ధరాత్రి షిఫ్టువాళ్ల కోసం తెరిచి ఉంచే భోజనశాల. ఇంటికి వెళ్లే రోజు దగ్గరపడినవాడు క్యాలెండర్‌లో తేదీలు కొట్టేసుకుంటూ కూర్చునేవాడు. అతన్ని చూసి కొత్తగా వచ్చినవాడు కుళ్లుకునేవాడు. బూట్లకు మెరుపు తక్కువైందని గద్దించే సార్జెంట్లు, వాళ్లతో వాదించే సగం కాలేజీ చదువులవాళ్లు ప్రతి స్టేషన్‌లోనూ ఉండేవారు. పనిలో నేర్పున్నవాడికి బల్ల దగ్గర గౌరవం దొరికేది, పరేడ్ మైదానంలో మాత్రం అతనూ అందరిలో ఒకడే.

బ్రిటన్‌లో ఈ జీవితానికి వేరే రంగు ఉండేది. 1951లో మొదలైన జాయింట్ సర్వీసెస్ స్కూల్ ఫర్ లింగ్విస్ట్స్, నిర్బంధ సేవకు వచ్చిన దాదాపు అయిదు వేల మంది కుర్రాళ్లకు రష్యన్ నేర్పింది. కూల్స్‌డన్, బోడ్మిన్, తరువాత స్కాట్లండ్‌లోని క్రెయిల్‌లో తరగతులు జరిగాయి. వారం వారం పరీక్షలు పెట్టేవారు. తప్పినవాడు మామూలు దళానికి తిరిగి పోవాల్సిందే. రష్యా నుంచి వలస వచ్చిన పంతుళ్లు పుష్కిన్, చెహోవ్‌లను పరిచయం చేసేవారు, నాటకాలు వేయించేవారు. నాటక రచయితలు మైఖేల్ ఫ్రేన్, అలన్ బెనెట్, డెనిస్ పాటర్, నవలాకారుడు డి.ఎం. థామస్ ఆ బడిలో చదివినవాళ్లే. అక్కడి విద్యార్థుల్లో చాలామంది తరువాత జర్మనీ వెళ్లి సోవియట్ సైనికుల మాటలు వింటూ సేవాకాలం పూర్తిచేశారు. 1960లో బడి మూతపడింది. శత్రువును వినడం కోసం నేర్పిన భాష ఒక తరానికి రష్యన్ సాహిత్యం తలుపు తీసింది.

మౌనం ఖరీదు

చేరినరోజు ఒక సంతకం, వదిలినరోజు మరో సంతకం. రెండిటి సారాంశం ఒకటే: ఇక్కడ చూసింది, విన్నది ఎవరితోనూ అనకూడదు, అంటే జైలు. షిఫ్టు ముగిశాక చిత్తు కాగితాలన్నీ సంచుల్లో వేసి కాల్చేవారు. పక్క బల్ల వాడి పని గురించి అడగడం కూడా మర్యాద కాదు.

హద్దు దాటితే ఏమవుతుందో 1958లో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులకు తెలిసింది. ‘ఐసిస్’ అనే విద్యార్థి పత్రికలో, సైన్యంలో పనిచేసి వచ్చిన ఇద్దరు విద్యార్థులు సోవియట్ సరిహద్దుల్లో జరిగే వినికిడి గురించి రాశారు. సోవియట్ రేడియోలో అలజడి పుట్టించడానికి కావాలని విమానాలను, నౌకలను సరిహద్దు దగ్గరికి పంపేవారని అందులో ఉంది. ప్రభుత్వం అధికార రహస్యాల చట్టం కింద కేసు పెట్టింది. ఇద్దరికీ మూడు నెలల జైలు పడింది. డబ్బుకు లొంగినవాళ్లూ లేకపోలేదు. బెర్లిన్‌లో పనిచేసిన అమెరికా సైనికుడు జేమ్స్ హాల్ 1980ల్లో తూర్పు జర్మనీకి కట్టల కొద్దీ పత్రాలు అమ్మాడు. 1988 డిసెంబరులో పట్టుబడిన అతనికి నలభై ఏళ్ల శిక్ష వేశారు. వేలమందిలో ఇలాంటివాళ్లు కొద్దిమంది. మిగతావాళ్లు మాట నిలబెట్టుకున్నారు. ఊళ్లో వియత్నాం నుంచి వచ్చినవాళ్ల కథలు నడుస్తుంటే వీళ్లు రేడియో పని అని ఒక్క ముక్కలో తేల్చేసేవారు. చెవిలో ఆగని హోరు గురించి డాక్టరుకు చెప్పాలన్నా, రోజూ ఏం విన్నారో చెప్పకుండానే చెప్పాల్సి వచ్చేది.

ప్రాణాలు పోయిన చోట్లు

బల్ల ముందు కూర్చునే పని కాబట్టి ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. 1958 సెప్టెంబరు 2న టర్కీలోని అదానా నుంచి బయలుదేరిన అమెరికా సి-130 విమానం సోవియట్ ఆర్మేనియా గగనంలోకి వెళ్లింది. మిగ్ విమానాలు దాన్ని కూల్చేశాయి. అందులో ఉన్న 17 మందీ చనిపోయారు. వాళ్లలో 11 మంది రేడియో వినడానికి ఎక్కిన సెక్యూరిటీ సర్వీసు సిబ్బంది. కాల్చిన సోవియట్ పైలట్ల సంభాషణను నేల మీది స్టేషన్ పట్టుకుంది. కూల్చలేదని మాస్కో బుకాయించడంతో 1959లో అమెరికా ఆ సంభాషణను బయటపెట్టింది. చాలామంది అవశేషాల కోసం కుటుంబాలు దాదాపు నాలుగు దశాబ్దాలు ఎదురుచూశాయి.

వియత్నాంలో అమెరికా పోరు దళాలు దిగడానికి ఏళ్ల ముందే, 1961 మేలో, థర్డ్ రేడియో రీసెర్చ్ యూనిట్ సైగాన్ చేరింది. అడవిలోని గెరిల్లాలు తక్కువ శక్తి గల సెట్లు వాడేవారు. వాళ్ల చోటు కనిపెట్టాలంటే దగ్గరికి వెళ్లాల్సిందే. దిక్కు చూపే యంత్రాన్ని ట్రక్కులో వేసుకుని వెళ్లిన జేమ్స్ టి. డేవిస్ 1961 డిసెంబరు 22న సైగాన్ పడమటి శివార్లలో మాటుదాడిలో చనిపోయాడు. టెనెసీకి చెందిన అతనికి ఇరవై అయిదేళ్లు. వెంట ఉన్న దక్షిణ వియత్నాం సైనికులు కూడా ప్రాణాలు కోల్పోయారు. యూనిట్ శిబిరానికి డేవిస్ స్టేషన్ అని పేరు పెట్టుకున్నారు. సముద్రం మీదా ఇదే కథ. 1967లో అమెరికా నౌక లిబర్టీ మీద ఇజ్రాయెల్ దాడిలో 34 మంది చనిపోయారు. 1968లో ఉత్తర కొరియా పట్టుకున్న ప్యూబ్లో నౌకలోని 82 మంది పదకొండు నెలలు బందీలుగా చిత్రహింసలు అనుభవించారు. 1969 ఏప్రిల్‌లో ఉత్తర కొరియా కూల్చిన ఈసీ-121 విమానంలో 31 మంది పోయారు. ఈ మూడూ వినే పని మీద వెళ్లినవే.

యంత్రం చేతికి

1970ల నుంచి ఉపగ్రహాలు, కంప్యూటర్లు ఈ పనిని మార్చేశాయి. సైన్యాలు మోర్స్ వాడడం తగ్గించాయి. ఆర్మీ సెక్యూరిటీ ఏజెన్సీ 1977 జనవరి 1న ఇంటెలిజెన్స్ అండ్ సెక్యూరిటీ కమాండ్‌లో కలిసిపోయింది. బెర్లిన్ గోడ కూలాక టాయిఫెల్స్‌బెర్గ్ ఖాళీ అయింది. చిరిగిన గుడారాలతో ఉన్న ఆ భవనాలను ఇప్పుడు సందర్శకులు టికెట్టు కొనుక్కుని చూస్తున్నారు. ఫోర్ట్ డెవెన్స్ స్థావరం 1996లో మూతపడింది. మేరీలాండ్‌లో 1993లో ప్రారంభమైన నేషనల్ క్రిప్టాలజిక్ మ్యూజియంలో ఆనాటి యంత్రాలున్నాయి. దాని పక్కన, ఆర్మేనియాలో కూలిన విమానం లాంటి సి-130ని 1997లో స్మారకంగా నిలబెట్టారు.

రహస్యపు ముడులు ఒక్కొక్కటే వదులుతున్న కొద్దీ పాత సిపాయిలు కలుసుకోవడం మొదలుపెట్టారు. యూనిట్లవారీగా సంఘాలు ఏర్పడ్డాయి, పుస్తకాలు వచ్చాయి. పక్క బల్ల వాడు నిజంగా ఏం చేసేవాడో కొందరికి అప్పుడే తెలిసింది. తాము గుడ్డిగా టైపు కొట్టిన కాగితాలు ఏ నిర్ణయానికి పనికొచ్చాయో, అసలు పనికొచ్చాయో లేదో చాలామందికి ఇప్పటికీ తెలియదు. దేశాల దగ్గర నివేదికలు భద్రంగా ఉన్నాయి. ఒక్కో నివేదిక తయారైన రాత్రి గదిలో ఎంత వేడిగా ఉందో, ఎవరికి నిద్ర ఆగలేదో, ఎవరి చెవి ఆ సన్నని స్వరాన్ని పట్టుకుందో చెప్పగలిగేది ఆ మనుషులే. వాళ్లలో మిగిలినవాళ్లు ఇప్పుడు వృద్ధులు.

ఈ విషయం మనకూ దూరమైనది కాదు. 1911 ఫిబ్రవరి 15న ఏర్పడిన భారత సైన్యపు సిగ్నల్స్ కోర్ జబల్‌పూర్, గోవా శిక్షణ కేంద్రాల్లో తరతరాలుగా సిపాయిలను తయారుచేస్తోంది. శత్రు రేడియోను వినే యంత్రాలను రూపొందించే రక్షణ ఎలక్ట్రానిక్స్ పరిశోధనశాల 1960ల నుంచి హైదరాబాద్‌లోనే ఉంది. సంయుక్త వంటి ఎలక్ట్రానిక్ యుద్ధ వ్యవస్థలు దాని కృషితో వచ్చాయి. యంత్రాల చరిత్ర ఏదో ఒక దస్త్రంలో మిగులుతుంది. వాటి ముందు కూర్చున్నవాళ్ల అనుభవం అడిగి రాసుకుంటే తప్ప మిగలదు. సిగ్నల్స్‌లో పనిచేసి రిటైరైనవాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు. రహస్యాల జోలికి పోనక్కర్లేదు. శిక్షణ, బ్యారక్, రాత్రి షిఫ్టు, తోటివాళ్లు, ఇంటి ఉత్తరాల గురించి వాళ్ల చేత చెప్పించి రాసిపెట్టడం వాళ్లకు దక్కవలసిన గౌరవం, తరువాతి తరానికి పనికొచ్చే చరిత్ర.